దేవునికి ముందే తెలిస్తే మనిషి చేతిలో ఏముంది?

నకిరేకల్ చుట్టుపక్కల ఏ ఉజ్జీవ సభకు వెళ్లినా చివరి అరగంట దాదాపు ఒకేలా సాగుతుంది. కీబోర్డు సన్నగా మోగుతుంటుంది. ప్రసంగీకులు గొంతు తగ్గించి, నిర్ణయం వాయిదా వేయొద్దని, ఈ రాత్రే ముందుకు రమ్మని బతిమాలుతారు. అంతకు కాసేపటి ముందే అదే మైకులో, లోకం పుట్టకముందే దేవుడు నిన్ను ఎన్నుకున్నాడని, నీ బతుకుకు ఆయన దగ్గర ఒక ప్లాన్ ఉందని చెప్పి ఉంటారు. ఎన్నిక ముందే అయిపోతే ఈ బతిమాలడం ఎందుకు? బతిమాలితే తప్ప తేలని సంగతైతే అది దేవునికి ముందే తెలియడమేమిటి? సండే స్కూలు పిల్లలు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. అలాంటివి అడగొద్దు, ప్రార్థన చేసుకో అని పెద్దలు సర్దిచెబుతారు. అడగకూడనిదైతే అగస్టీన్ నుంచి ఇప్పటిదాకా పదహారు వందల ఏళ్లకు పైగా క్రైస్తవ పండితులు దీని మీద ఇన్ని పుస్తకాలు రాసేవాళ్లు కాదు.

ప్రశ్నకు ముందు పదును పెట్టుకోవాలి. నకిరేకల్ మార్కెట్‌కు రేపు పొద్దున నిమ్మకాయ తేవాలా, ధర పెరిగేదాకా రెండ్రోజులు చెట్టు మీదే ఉంచాలా అని ఒక రైతు ఊగిసలాడుతున్నాడనుకుందాం. రేపే తెస్తాడని దేవునికి వెయ్యేళ్ల కిందటే తెలుసు. దేవుడు పొరబడడు. గడిచిపోయినదాన్ని మార్చడం ఎవరి తరమూ కాదు కాబట్టి వెయ్యేళ్ల నాటి ఆ ఎరుకనూ ఎవరూ మార్చలేరు. అలాంటప్పుడు రేపు కాయ తేకుండా ఉండడం ఆ రైతు తరమవుతుందా? 1965లో అమెరికన్ తత్వవేత్త నెల్సన్ పైక్ ఒక వ్యాసంలో ఈ వాదాన్ని మెట్టు మెట్టుగా పేర్చి, ఇప్పటి చర్చకు దారి తెరిచాడు. ఆయన ఉదాహరణలో జోన్స్ అనే పెద్దమనిషి శనివారం తన ఇంటి ముందు పచ్చిక కోస్తాడు. మనకు నిమ్మకాయలు చాలు.

మనవాళ్లు దీనికి తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటుంది: తెలియడం వేరు, చేయించడం వేరు. మూడో శతాబ్దంలోనే ఒరిగెన్ ఈ మాట అన్నాడు. దేవునికి తెలుసు కాబట్టి జరగడం లేదు, జరుగుతుంది కాబట్టే ఆయనకు తెలుసు అన్నది ఆయన వాదం. మంచి మాటే గానీ పై వాదానికి ఇది తగలదు. రైతు చేత దేవుడు చేయిస్తున్నాడని ఆ వాదం ఎక్కడా అనలేదు. దాని బలమంతా గతం కదలదన్న దాంట్లో ఉంది. దాన్ని కదిలించకుండా తెలియడం వేరు, చేయించడం వేరని ఎన్నిసార్లు అన్నా ముడి వీడదు. మన ప్రసంగాల్లో జవాబు సాధారణంగా ఇక్కడే ఆగిపోతుంది.

బైబిలు ఈ ముడిని సిద్ధాంతంగా విప్పదు, కథల్లో వదిలేస్తుంది. ఆ కథలు అన్నీ ఒక వైపుకే మొగ్గవు. కోడి కూయకముందే మూడుసార్లు తనను ఎరగనంటావని యేసు పేతురుకు చెప్పాడు. అలాగే జరిగింది. పేతురు మాత్రం ఇది ముందే రాసి ఉందని సర్దుకోలేదు, బయటికి పోయి ఏడ్చాడు. ఇక నీనెవె సంగతి. నలభై రోజుల్లో నాశనమవుతుందని యోనా చాటాడు, ఊరు మారింది, నాశనం ఆగింది. హిజ్కియా రాజుకు చావు ఖాయమన్న కబురు వచ్చింది, ఆయన ఏడ్చి ప్రార్థిస్తే పదిహేనేళ్లు కలిశాయి. వీటన్నిటికంటే చిత్రమైనది మొదటి సమూయేలు 23వ అధ్యాయంలో ఉంది. దావీదు కెయీలా అనే ఊళ్లో ఉన్నాడు. సౌలు ఇక్కడికి వస్తాడా అని దేవుణ్ని అడిగాడు. వస్తాడని జవాబు. ఊరివాళ్లు నన్ను పట్టిస్తారా? పట్టిస్తారని జవాబు. వెంటనే దావీదు ఊరు విడిచి వెళ్లిపోయాడు. సౌలు రాలేదు, ఊరివాళ్లు పట్టించలేదు. అంటే దేవుడు చెప్పినది జరగలేదు, అయినా అబద్ధమూ కాలేదు. దావీదు అక్కడే ఉండి ఉంటే ఏం జరిగేదో ఆయన చెప్పాడు. ఈ చిన్న సంభాషణ పునాదిగా పదహారో శతాబ్దంలో ఒక స్పానిష్ పండితుడు పెద్ద సిద్ధాంతమే కట్టాడు. ఆయన దగ్గరికి కాసేపట్లో వద్దాం.

క్రైస్తవుల కంటే ముందు రోమన్ వక్త సిసెరో ఈ చిక్కును ఒక్క దెబ్బతో తెంచాడు. మనిషికి స్వేచ్ఛ కావాలంటే భవిష్యత్తు ఎవరికీ ముందుగా తెలియకూడదని తేల్చేశాడు. అగస్టీన్ 'దేవుని పట్టణం' అయిదో పుస్తకంలో ఆయన మీద విరుచుకుపడి, రెండూ ఉంచుకోవాల్సిందేనని పట్టుబట్టాడు. దేవునికి తెలిసిన కారణాల్లో మన ఇష్టాలూ ఉన్నాయి, అందుకని మన ఇష్టం ఇష్టంగానే తెలుస్తుంది అన్నది ఆయన వాదం. అయితే మనిషి తన ఇష్టంతోనే మంచి చేయగలడన్న పెలాగియస్‌తో తగాదా ముదిరాక, చివరి రోజుల్లో ఆయన కలం కృప వైపు ఎంత వంగిందంటే, పడిపోయిన మనిషి ఇష్టానికి మిగిలిన చోటు ఎంతో వెతుక్కోవాల్సి వస్తుంది. తర్వాతి తగాదాల్లో ఇరుపక్షాలూ అగస్టీన్‌నే సాక్షిగా పిలవడానికి కారణం ఇదే.

అసలు కొత్త దారి తీసినవాడు బోయీథియస్. 524 ప్రాంతంలో, థియోడొరిక్ రాజు ఖైదులో మరణశిక్ష కోసం ఎదురుచూస్తూ రాసిన 'తత్వశాస్త్ర ఓదార్పు' చివరి భాగంలో ఆయన ప్రశ్ననే తిప్పేశాడు. దేవునికి ముందు, వెనుక అనేవి లేవు. అంతులేని జీవమంతా ఆయన చేతిలో ఒక్కసారిగా, సంపూర్ణంగా ఉంది. కనుక ఆయనకున్నది ముందుచూపు కాదు, చూపే. థామస్ అక్వినాస్ పదమూడో శతాబ్దంలో దీనికి ఒక బొమ్మ గీశాడు. దారిన పోయేవాడికి వెనక వచ్చేవాళ్లు కనపడరు, ఎత్తు మీద నిలబడినవాడికి దారంతా ఒకేసారి కనిపిస్తుంది. నల్లగొండ లతీఫ్ సాబ్ గుట్ట ఎక్కినవాళ్లకు ఈ బొమ్మ విడమరచి చెప్పక్కర్లేదు. గుట్ట మీదివాడు చూస్తున్నాడని కింద దారిన పోయే మనిషి అడుగు బలవంతపు అడుగు కాదు గదా.

కథోలిక గురువుల్లో చాలామంది ఇప్పటికీ ఇచ్చే జవాబు ఇదే. 1981లో తత్వవేత్తలు ఎలియనోర్ స్టంప్, నార్మన్ క్రెట్జ్‌మన్ దీన్ని ఆధునిక తర్కంలో మళ్లీ నిలబెట్టే ప్రయత్నం చేశారు. నాకు మాత్రం ఇది సగం జవాబుగానే కనిపిస్తుంది. దేవుడు కాలానికి బయట ఉన్నాడు సరే, మరి పేతురుకు చెప్పిన మాట? అది కాలం లోపల, ఆ రాత్రి భోజనం దగ్గర, మనుషుల చెవిన పడింది. చూసినదాన్ని గుట్ట మీదివాడు కేక వేసి కిందికి చెప్పిన క్షణం నుంచి ఆ మాట గతమవుతుంది. కదలని గతం అన్న చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. ప్రవచనం అంటే ప్రాణం పెట్టే మన పెంతెకొస్తు సంఘాలకు బోయీథియస్ ఒక్కడితో పని జరగదు. మరో అభ్యంతరం కూడా ఉంది. 'రేపు' అన్నది లేని దేవునికి, రేపు ఆపరేషన్ ఉందని ఏడ్చే తల్లి ప్రార్థన ఎలా చేరుతుందో చెప్పడం కష్టం.

పద్నాలుగో శతాబ్దపు ఇంగ్లీషు సన్యాసి విలియం ఆఫ్ ఓకమ్ కాలం జోలికి పోలేదు, గతాన్నే పట్టుకున్నాడు. గతం పేరుతో చెలామణి అయ్యేదంతా నిజంగా గతమేనా అని అడిగాడు. నల్లగొండలో 1890లో మిషనరీ స్టేషను మొదలైందన్నది గట్టి గతం. అయిపోయింది, ఇక ఎవరూ కదిలించలేరు. రైతు రేపు కాయ తెస్తాడని వెయ్యేళ్ల కిందట దేవునికి తెలుసన్నది వ్యాకరణానికి గతమే గానీ, దాని నిజం రేపటి మీద ఆధారపడి ఉంది. రైతు తేకపోతే దేవునికి వెయ్యేళ్ల కిందట తెలిసినది వేరేగా ఉండేది. అంటే రైతు గతాన్ని మార్చడం లేదు, ఇంకా గట్టిపడని గతం తన పని మీద ఆధారపడి ఉందంతే. 1986లో అమెరికన్ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా ఈ మార్గాన్ని కొత్తగా కడిగి చూపించాడు. ఆధారం ఎటు నుంచి ఎటు అన్న ప్రశ్న లేవనెత్తడమే ఓకమ్ గొప్పతనం. ఒరిగెన్ మాటలో ఉన్న మంచిని, ఒరిగెన్‌కు అందని వాదానికి అందేలా చేసింది ఇదే. దేవుని నమ్మకం ఒక్కటే ఈ మెత్తని గతం కిందికి ఎందుకు రావాలని ప్రత్యర్థులు నిలదీస్తారు. ఆ నిలదీతలో బలముంది. అయినా ఉన్న జవాబుల్లో నేను ఎక్కువ బరువు మోపేది దీని మీదే.

ఇదంతా పండితుల కాలక్షేపం కాదు. 1465లో లూవేన్ విశ్వవిద్యాలయంలో పీటర్ డి రివో అనే అధ్యాపకుడు, పేతురు బొంకు గురించిన యేసు మాట ఆ మాట అన్న సమయానికి నిజమా అని తరగతిలో చర్చ పెట్టి, భవిష్యత్తు గురించిన వాక్యాలు నిజమూ కావు, అబద్ధమూ కావు అన్నాడు. విశ్వవిద్యాలయం రెండుగా చీలింది. తగాదా రోముదాకా పోయి, 1474లో నాలుగో సిక్స్టస్ పోపు ఆయన ప్రతిపాదనలను ఖండించడంతో గానీ చల్లారలేదు.

ఇక ఇందాక చెప్పిన స్పానిష్ పండితుడు. జెస్విట్ గురువు లూయిస్ దె మోలీనా 1588లో లిస్బన్‌లో అచ్చయిన తన గ్రంథంలో దేవుని ఎరుకను మూడు అరలుగా విడదీశాడు. ఏవి జరగగలవో అన్నీ దేవునికి తెలుసు, అది మొదటిది. ఏవి నిజంగా జరుగుతాయో తెలుసు, అది మూడోది. ఈ రెంటికీ నడుమ మోలీనా కొత్తగా పెట్టిన అర ఒకటుంది: ఏ మనిషిని ఏ పరిస్థితిలో పెడితే తనంత తానుగా ఏం ఎంచుకుంటాడో కూడా దేవునికి తెలుసు. కెయీలా కథ ఇదే గదా! ఈ నడిమి ఎరుకతో దేవుడు ఎవరి చెయ్యీ మెలిపెట్టకుండా లోకాన్ని నడపగలడు. ప్రార్థనకు అర్థముంటుంది, ప్లాన్‌కూ చోటుంటుంది. మన ప్రసంగీకులు పేరు తెలియకుండానే చెప్పేది చాలాసార్లు మోలీనా బోధే. చిక్కల్లా ఒకటి. జరగని లోకంలో, చేయని ఎంపిక గురించి నిజం దేని మీద నిలబడుతుంది? రైతు ఎన్నడూ ఎదుర్కోని పొద్దున అతను స్వేచ్ఛగా ఏం చేసేవాడన్నది ముందే తేలి ఉంటే, దాన్ని తేల్చినదెవరు? అతను కాదు, ఎందుకంటే అతను ఇంకా పుట్టలేదు. దేవుడంటే స్వేచ్ఛ పోయింది.

డొమినికన్ సభకు చెందిన దొమింగో బాన్యెజ్ మోలీనాను గట్టిగా ఎదిరించాడు. దాంతో రెండు సన్యాసి సభల మధ్య యుద్ధమే మొదలైంది. రోములో ప్రత్యేక సంఘం ఏళ్ల తరబడి విచారించింది. 1607లో అయిదో పౌలు పోపు ఎటూ తీర్పు చెప్పకుండా, ఇద్దరూ తమ బోధ చెప్పుకోవచ్చు, ఒకరినొకరు మతద్రోహులనకూడదని ఆజ్ఞాపించి పంపేశాడు. ఆ తీర్పు ఇప్పటికీ రాలేదు. 1976లో ఏర్పడిన నల్లగొండ మేత్రాసనంలోని ఒక గురువు బాన్యెజ్ పక్షం మాట్లాడినా, మోలీనా పక్షం మాట్లాడినా ఆయన్ను తప్పుపట్టే అధికారం ఎవరికీ లేదు.

ప్రొటెస్టెంట్ల వైపు కథ తెలిసినదే కనుక తొందరగా దాటేద్దాం. ఎరాస్మస్ 1524లో ఇచ్ఛా స్వాతంత్ర్యం ఉందని రాస్తే, లూథర్ మరుసటి ఏడు మనిషి ఇష్టం బందీ అని ఎదురు రాశాడు. కాల్విన్ ముందెరుక నుంచి ముందు నిర్ణయానికి నడిచి, దేవుడు నిర్ణయించాడు కాబట్టే ఆయనకు తెలుసన్నాడు. డచ్ దేశంలో అర్మీనియస్ ఆ వరసను తిరగేశాడు. ఆయన శిష్యులను 1618-19 డార్ట్ మహాసభ బయటికి నెట్టింది. నూరేళ్ల తర్వాత జాన్ వెస్లీ అర్మీనియస్ మాటనే పొలాల్లో ప్రసంగించి, స్నేహితుడు వైట్‌ఫీల్డ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు. తెలుగు నేలకు ఈ పాయలన్నీ వచ్చి చేరాయి. 1842లో గుంటూరు చేరిన లూథరన్ మిషనరీ హేయర్ వెంట లూథర్ వచ్చాడు. 1924లో ప్రతిష్ఠించిన మెదక్ చర్చి కట్టించిన మెథడిస్టు మిషనరీ పోస్నెట్ వెంట వెస్లీ వచ్చాడు. 1947లో దక్షిణ ఇండియా సంఘం ఏర్పడినప్పుడు ప్రెస్బిటేరియన్ల కాల్విన్, మెథడిస్టుల వెస్లీ ఒకే బల్ల దగ్గర కూర్చున్నారు. ఐరోపాలో మనుషుల్ని విడదీసిన గొడవ ఇక్కడ ఏకీకరణకు అడ్డు రాలేదు. పరిష్కరించారని కాదు, పక్కన పెట్టారు.

నల్లగొండ, పాలమూరు మెట్ట ప్రాంతానికి వచ్చిన పాయ మాత్రం వేరు. అబ్రహాం ఫ్రీసెన్, మరియ దంపతులు అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ కింద 1890లో నల్లగొండలో స్టేషను పెట్టారు. వాళ్లు అమెరికన్లు కారు, దక్షిణ రష్యా నుంచి వచ్చిన మెన్నొనైట్ బ్రదరన్. వెనకే వచ్చిన వాళ్లు సూర్యాపేట, జనగామల్లో పనిచేశారు. అదే శాఖకు చెందిన అమెరికన్లు 1899 నుంచి హైదరాబాదు, ఆ తర్వాత నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి దాకా విస్తరించారు. నకిరేకల్ నుంచి ఎటు చూసినా ఈ పని అందే దూరంలోనే ఉంది. ఇప్పటి సంఘాల్లో ఎంతమందికి తెలుసో గానీ, వీళ్ల మూలాలు పదహారో శతాబ్దపు అనబాప్టిస్టుల్లో ఉన్నాయి. లూథర్, కాల్విన్‌ల పక్షాలు రెండూ వేటాడినవాళ్లు ఆ అనబాప్టిస్టులు.

అనబాప్టిస్టుల నేరం ఏమిటంటే, పసిపిల్లలకిచ్చే బాప్తిస్మం చెల్లదన్నారు. తానుగా నమ్మి, తానుగా అడిగినవాడికే నీళ్లు. ఇష్టం లేనిదే విశ్వాసం లేదన్నది ఈ ఆచారానికి పునాది. ఇచ్ఛ బందీ అంటే వాళ్ల బాప్తిస్మానికే అర్థం ఉండదు. వాళ్లలో పెద్ద చదువు చదివిన బాల్తజార్ హుబ్‌మయర్ 1527లో ఇచ్ఛా స్వాతంత్ర్యం మీద రెండు చిన్న పుస్తకాలు రాశాడు. జనం తమ పాపాలకు దేవుణ్ని అడ్డం పెట్టుకుంటున్నారని, మంచి చేయడం మావల్ల కాదు, అంతా ఆయన చేయించేదే అని చేతులు దులుపుకుంటున్నారని ఆయన బాధ. దేవుడు ఏ లోకాన్ని ముందు చూశాడన్న లెక్కలు ఆయనకు అక్కర్లేదు. వాక్యం విన్నాక మనిషికి అవును, కాదు అనే శక్తి తిరిగి వస్తుంది, దాన్ని వాడుకోకపోతే తప్పు మనిషిదే. మరుసటి ఏడు మార్చి 10న వియన్నాలో ఆయన్ను తగలబెట్టారు. మూడు రోజులకు ఆయన భార్య ఎల్స్‌బెత్‌ను డాన్యూబ్ నదిలో ముంచి చంపారు. నల్లగొండకు వచ్చిన మెన్నొనైట్లు నేరుగా హుబ్‌మయర్ శిష్యులు కారు, వాళ్ల గురువు డచ్ దేశపు మెన్నో సైమన్స్. క్రైస్తవుడు ఖడ్గం పట్టవచ్చా అన్న విషయంలో హుబ్‌మయర్‌కూ మెన్నోకూ పొసగదు కూడా. బాప్తిస్మం దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకటే మాట, ఆ మాటే ఈ ప్రాంతపు చెరువుల్లో, వాగుల్లో ఆచారంగా స్థిరపడింది. సభలో నిర్ణయం కోసం బతిమాలడం తరువాతి కాలపు అమెరికా ఉజ్జీవాల నుంచి వచ్చిన పద్ధతి. అది ఇక్కడ సులువుగా ఇమడడానికి కారణం మాత్రం ఈ పాత పునాదే.

అయితే ఇక్కడ దేవుని ముందెరుక కంటే ముందు ఇంకో ప్రశ్న లేచింది. స్వేచ్ఛగా వచ్చారా, ఆకలికి వచ్చారా? 1876-78 ధాత కరువులో ఒంగోలు బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని మాదిగ కుటుంబాలకు కూలి పని ఇచ్చాడు. బాప్తిస్మం ఇవ్వమని జనం అడిగారు. క్లౌ ఇవ్వలేదు. తిండి కోసం వస్తున్నారేమోనన్న అనుమానంతో సుమారు పదిహేను నెలలు ఆపేశాడు. పని అయిపోయి, సాయం ఆగిపోయాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో, ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరుగా మార్చుకుంటూ నీళ్లలో నిలబడి, 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆ పదిహేను నెలల నిరీక్షణను నేను క్రైస్తవ తత్వశాస్త్రంలో ఒక అధ్యాయంగానే లెక్కపెడతాను. దేవునికి తెలిసి ఉండడం ఒకరి ఇష్టాన్ని పాడుచేస్తుందని క్లౌకు ఏ కోశానా భయం లేదు. కూలి డబ్బులు పాడుచేస్తాయని భయపడ్డాడు. స్వేచ్ఛకు శత్రువు ఎక్కడుందో ఆయన సరిగ్గా పసిగట్టాడు.

గుంపుగా వచ్చినవాళ్లలో ఒక్కొక్కరి ఇష్టాన్ని ఎలా లెక్కించాలన్నది తర్వాతి తరం ప్రశ్న. వాస్కమ్ పికెట్ 1933లో సామూహిక మతమార్పిడుల మీద వెలువరించిన అధ్యయనం తెలుగు ప్రాంతాలనూ చూసింది. కులపెద్ద, బంధువులు కలిసి తీసుకున్న నిర్ణయం కూడా నిర్ణయమేనని వాదించింది. ఇంకా లోతుకు వెళ్లినవాడు పాల్ హీబర్ట్. 1932లో శంషాబాదులో మెన్నొనైట్ బ్రదరన్ మిషనరీలకు పుట్టి, మహబూబ్‌నగర్‌లో పనిచేసి, ఆ ప్రాంతపు కొండూరు అనే పల్లె మీద 1971లో పుస్తకం వెలువరించిన మానవశాస్త్రవేత్త. 1978లో ఒక వ్యాసంలో ఆయన పాపయ్య అనే చదువురాని పల్లెటూరి రైతును ముందుకు తెచ్చాడు. పొలం నుంచి ఇంటికొచ్చిన పాపయ్య ఒకే ఒక్కసారి యేసు గురించి విన్నాడు. కొలిచే దేవుళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. ఆ పూట యేసుకు మొక్కితే అతను క్రైస్తవుడయ్యాడా? ఎంత తెలిసింది, ఏ గీత దాటాడు అని కొలిస్తే కాలేదనాలి. హీబర్ట్ గీతను వదిలి దిశ చూడమన్నాడు. ముఖం ఎటు తిరిగింది, అదీ ప్రశ్న. పైక్, ప్లాంటింగాలు మాట్లాడే ఎంపిక ఒక క్షణంలో అయిపోతుంది, కాయ తేవడమో తేకపోవడమో. పాపయ్య ఎంపిక ఏళ్ల మీద సాగేది. ఈ చర్చలో పాశ్చాత్య పండితులు ఎక్కువ పట్టించుకోని సంగతి ఇది, అది వచ్చింది మన పక్క పల్లె నుంచి.

విధి అన్న మాట ఈ గడ్డకు కొత్తదేం కాదు. తలరాత, తక్దీరు పక్కపక్కనే బతికాయి. విధి కంటే పౌరుషమే గొప్పదని చెప్పే యోగవాసిష్ఠమూ మన దగ్గర ఉంది. చివరికి నకిరేకల్ నుంచి నర్రా రాఘవరెడ్డిని పలుమార్లు అసెంబ్లీకి పంపిన కమ్యూనిస్టులకూ ఈ తలనొప్పి తప్పలేదు. విప్లవం చరిత్ర నియమమైతే జెండా మోయడం ఎందుకు? 1898లో రష్యన్ మార్క్సిస్టు ప్లెఖనోవ్ దీనికి జవాబు వెతుకుతూ ప్యూరిటన్లను ఉదాహరణగా తెచ్చాడు. అంతా ముందే నిర్ణయమైందని నమ్మినవాళ్లే అందరికంటే ఎక్కువ పని చేశారని ఎత్తిచూపాడు.

ఈ మధ్య కాలపు గొడవ ఒకటి చెప్పుకోవాలి. 1994లో క్లార్క్ పిన్నాక్, జాన్ సాండర్స్, విలియం హాస్కర్ మరి ఇద్దరితో కలిసి, స్వేచ్ఛగా చేయబోయే పనులు ఇంకా తెలియడానికి ఏమీ లేదు, కనుక వాటిని దేవుడు ఎరగకపోవడం లోపం కాదని రాశారు. సిసెరో మళ్లీ వచ్చాడు, ఈసారి బైబిలు చేత పట్టుకుని. నీనెవె, హిజ్కియా కథలు వీళ్ల బలం. పేతురు వీళ్ల బలహీనత. మూడుసార్లు, కోడి కూయకముందు అన్న మాటను అంచనాగా చదవడానికి చాలా సాగదీయాలి. 2003లో అమెరికా ఇవాంజెలికల్ పండితుల సంఘం పిన్నాక్‌ను, సాండర్స్‌ను వెలివేయాలా అని ఓటు పెట్టింది, వెలి నెగ్గలేదు. వీళ్ల నిజాయితీ నాకు నచ్చుతుంది, అడిగే ధర మాత్రం ఎక్కువ.

ఒక గీత మాత్రం స్పష్టంగా గీయాలి. తెలిస్తే స్వేచ్ఛ పోతుందా అన్నది ఒక ప్రశ్న, తెలిసీ ఎందుకు ఆపలేదన్నది మరో ప్రశ్న. మన దగ్గర రెండూ కలిసిపోతాయి. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన పిల్లల దగ్గర నిలబడి ఓకమ్ గతం గురించి మాట్లాడితే అది అవమానం. అక్కడ అడగాల్సింది రెండో ప్రశ్న, అదీ ముందుగా మనుషుల్ని. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నీరి సంస్థ పరిశోధకులు కనిపెట్టి దానికి నల్లగొండ పేరే పెట్టారు. తెలిసింది, చేయగలిగిందీ ఉంది, తరాల తరబడి నీళ్లు మాత్రం మారలేదు. అక్కడ నడిచింది దేవుని చిత్తం కాదు, మనుషుల అశ్రద్ధ. ఎరుకతో పాటు శక్తి కూడా ఉంటే జవాబుదారీ తప్పదు. దేవుని విషయంలో ఆ లెక్క ఎలా తేలుతుందన్నదానికి ముందెరుక సిద్ధాంతాల్లో ఏదీ జవాబు కాదు. అయినట్టు నటించకూడదు.

నా తీర్పు ఇది. తనను ఎవరో ఎరిగి ఉండడం మనిషిని కట్టేయదు. ఆధారం మన పని నుంచి ఆయన ఎరుక వైపు నడుస్తుందన్నంత వరకు ఓకమ్ చాలు. ప్రవచనానికీ ప్రార్థనకీ మోలీనా కొంత సాయం చేస్తాడు, పూర్తిగా కాదు. స్వేచ్ఛను నిజంగా కొరికేవి వేరే ఉన్నాయి. ఎస్సీలకు కేటాయించిన నకిరేకల్ నియోజకవర్గంలోనే చూడండి. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ కులస్థుడు క్రైస్తవుడైతే ఎస్సీ హోదా పోతుంది, బీసీ-సీలో ఒక్క శాతం రిజర్వేషన్‌లోకి వెళ్లాలి. సిక్కు మతంలోకి వెళ్తే 1956 నుంచి, బౌద్ధంలోకి వెళ్తే 1990 నుంచి పోదు. దాంతో మందిరంలో ఒక పేరు, సర్టిఫికెట్లో ఒక మతం మోసే కుటుంబాలు తయారయ్యాయి. ప్రలోభంతో మతం మారుస్తున్నారని చట్టాలు చేసిన రాష్ట్రాలున్నాయి, తెలంగాణలో అలాంటి చట్టం లేదు. మారకుండా ఉండడానికి రాజ్యమే చూపే ఈ ప్రలోభం గురించి ఆ చట్టాలు రాసినవాళ్లు మాట్లాడరు. ఇచ్ఛా స్వాతంత్ర్యం మీద ప్రసంగించే పాస్టర్లూ పెద్దగా మాట్లాడరు.

ఈ ప్రశ్నలోకి దిగాలనుకునేవాళ్లు రోమా పత్రిక తొమ్మిదో అధ్యాయంతో మొదలుపెట్టి అక్కడే చిక్కుకుపోతారు. అలా చేయకండి. ముందు మొదటి సమూయేలు 23లోని మొదటి పదమూడు వచనాలు చదవండి, తర్వాత యోనా చిన్న పుస్తకం మొత్తం, ఆ తర్వాత పేతురు కథ. ఆ మూడింటికీ సరిపడే జవాబు మీ పాస్టర్ దగ్గర ఉందేమో అడగండి. ఒకదానికే సరిపోయే జవాబు చెబితే, మిగతా రెండింటి సంగతేమిటని మర్యాదగా మళ్లీ అడగండి.